రెండో చరణం కూడా పాడించండి

హైదరాబాద్‌లో సినీ గేయ రచయితల పేరిట సంగీత విభావరులు జరిపే సాంస్కృతిక సంస్థల నిర్వాహకులకు,

నమస్కారం.

మే నెల దగ్గరపడుతోంది. 7న ఆత్రేయ గారి జయంతి, 20న సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి జయంతి, 22న వేటూరి సుందరరామమూర్తి గారి వర్ధంతి. తెలుగు సినిమా పాటకి సంబంధించి ఇన్ని తేదీలు ఒకే నెలలో వచ్చిపడ్డాయి. రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, హరిహర కళాభవన్, ఎవరికి దొరికిన హాలు వాళ్లు ఈపాటికే బుక్ చేసుకుని ఉంటారు. ఫ్లెక్సీ డిజైన్ కూడా అయిపోయి ఉండొచ్చు. అది ప్రింటుకి వెళ్లేలోపే మీ చెవిన ఒక మాట వేద్దామని ఈ ఉత్తరం. మీ సభలకి తరచూ వచ్చే మనిషిని, మీలో కొందరు ముఖం చూస్తే గుర్తుపడతారు కూడా.

నేను చెప్పేదల్లా ఇంతే. పాట రాసినాయన పేరు మీద సభ పెట్టినప్పుడు ఆయన రాసింది పూర్తిగా వినిపించండి. పల్లవి, ఒక చరణం, చప్పట్లు, ‘నెక్స్ట్ సాంగ్’ అనే పద్ధతి ఆ ఒక్క సాయంత్రానికైనా పక్కన పెట్టండి.

ఇదేం పెద్ద కోరిక అనుకుంటారేమో. నిజానికి కాదు. అయినా ఏళ్ల తరబడి తీరడం లేదు.

ఈమధ్య సిరివెన్నెల గారి పాటలతో జరిగిన ఒక విభావరికి వెళ్లాను. ఏ సంస్థదో చెప్పను. పేరు మార్చేస్తే మీలో చాలామంది సభలకి ఆ వర్ణన అతికినట్టు సరిపోతుంది. కార్డులో సాయంత్రం 6 గంటలకు అని వేశారు. ఆ టైముకి స్టేజీ మీద కుర్చీలు సర్దుతున్నారు. ఏడు దాటాక జ్యోతి ప్రజ్వలన, తర్వాత ప్రార్థన, తర్వాత ఒక పాప డాన్సు. ముఖ్య అతిథి గారు అసెంబ్లీ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారని యాంకరమ్మ పదే పదే చెప్పింది. సరే, ఈలోపు పాటలు మొదలుపెట్టారు. ఒక అమ్మాయి చక్కగా పాడుతోంది. చరణం సగంలో ఉండగా అతిథి గారు హాల్లోకి వచ్చారు. ఆ అమ్మాయికి సైడ్ వింగ్ నుంచి ఎవరో చెయ్యి ఊపారు, ఆపెయ్యమని. ఆపేసింది. ముందు కీబోర్డ్ ఆగింది, ప్యాడ్స్ వాయించే అబ్బాయికి విషయం అర్థం కాక ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆగాడు. అతిథి గారు కూర్చునేదాకా చప్పట్లు. ఆ పాటని మళ్లీ ఎవరూ ఎత్తుకోలేదు.

తర్వాత సన్మానాలు. శాలువా, దండ, జ్ఞాపిక, ఫోటో. మళ్లీ శాలువా, దండ, జ్ఞాపిక, ఫోటో. స్పాన్సర్లకి, స్పాన్సర్ల బావమరుదులకి, గత సంవత్సరపు స్పాన్సర్లకి. ప్రసంగాల్లో సిరివెన్నెల గారిని అందరూ ‘సరస్వతీ పుత్రుడు’ అన్నారు. ఆయన ఏం రాశారో ఒక్కరూ చెప్పలేదు. ఒక పెద్దాయన అయితే తన చిన్నప్పటి ఊరు, తన కాలేజీ, తన పదవులు అన్నీ చెప్పుకుని, చివర్లో ‘అటువంటి మహానుభావుడికి నా నివాళి’ అని ముగించారు. ఎటువంటి మహానుభావుడికో మాకు తెలియలేదు.

తొమ్మిది దాటింది. హాలు వాళ్లు టైమ్ అయిపోతోందన్నారు. అప్పుడు మీ కార్యదర్శి లాంటి ఒకాయన గాయకుల దగ్గరకి వెళ్లి మైక్ ఆన్‌లో ఉందన్న సంగతి మరిచిపోయి, “ఒక్కో చరణమే పాడి దిగిపోండమ్మా, ఇంకా పది పాటలున్నాయి” అన్నారు. హాలంతా విన్నాం.

ఆ రాత్రి అలా ఒక చరణంతో ఆగిపోయిన పాటల్లో మొదటిది ‘విధాత తలపున’. 1986లో కె. విశ్వనాథ్ గారి ‘సిరివెన్నెల’ సినిమాలోది. చెంబోలు సీతారామశాస్త్రికి ఆ సినిమా పేరే ఇంటిపేరైంది. కె.వి. మహదేవన్ సంగీతం. ఆ సంవత్సరం నంది అవార్డు ఈ పాటకే. ఆ వివరాలన్నీ యాంకరమ్మ చదివింది, చీటీలో రాసిచ్చినట్టున్నారు. కానీ పాటని సగంలో ఆపితే ఏం పోతుందో ఆ చీటీ రాసిన వాళ్లకి తెలుసా అని నా అనుమానం.

ఆ పాట పాడేది చూపు లేని వేణుగాన విద్వాంసుడు. సృష్టి ఎలా పుట్టిందో చెప్పాలి, చెప్పేవాడికి లోకం కనపడదు. అందుకని కవి సృష్టిని మొత్తం చెవితో చూపించాడు. పల్లవిలో అది బ్రహ్మ తలపులో ఉంది, ఇంకా నాదంగానే ఉంది. మొదటి చరణంలో ఆకాశంలోకి వస్తుంది. తూర్పు దిక్కు ఒక వీణ అవుతుంది, సూర్యకిరణాలు దానికి తీగలవుతాయి, నిద్ర లేచిన పక్షులు నీలాకాశం వేదిక మీద స్వరాలు పలుకుతాయి. సూర్యోదయాన్ని చూపు లేనివాడికి అందేలా చెప్పడం అంటే అది. ఇక రెండో చరణం. పాట ఆకాశం నుంచి మనిషి దగ్గరకి దిగుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు వినిపిస్తుంది. గుండె చప్పుడు మృదంగమవుతుంది. బ్రహ్మ దగ్గర బయల్దేరింది పసిబిడ్డ గొంతులోకి చేరితేనే ఆ పాట పూర్తయినట్టు. మీరు ఆకాశంలో ఆపేశారు. బిడ్డ పుట్టనే లేదు.

రెండోది ‘నిగ్గదీసి అడుగు’. 1993లో వచ్చిన ‘గాయం’ సినిమాలోది. తెర మీద కూడా సిరివెన్నెల గారే కనిపిస్తారు. ఆ పాట మొదటి చరణం హాల్లో పడితే జనం ఊగిపోతారు, ఆ రోజూ ఊగిపోయారు. రాముడి బాణం, కృష్ణుడి గీత ఇవేవీ లోకాన్ని మార్చలేకపోయాయి కదా అని అడిగే చరణం అది. ఎందుకు మార్చలేకపోయాయో చెప్పేది రెండోది. రాతి గుహల్లోంచి పాలరాతి ఇళ్లలోకి వచ్చాం గానీ అడవి నీతి అలాగే ఉందంటాడు అందులో. మొదటిది కోపం. రెండోది కారణం. కారణం వినకుండా కోపానికి చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోవడం మాకూ సుఖంగానే ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయన ఆ సుఖం కోసం రాయలేదు.

గాయకుడి పేరిట సభ అయితే గొంతు వినపడితే చాలు. ఫిబ్రవరిలో ఘంటసాల గారి వర్ధంతి సభల్లో ఒక చరణం పాడినా ఆ గమకం, ఆ తీరు గుర్తొచ్చేస్తాయి. స్వరకర్త సభ అయితే చరణాల మధ్య వచ్చే వాయిద్యాల ముక్క, ఆ ఇంటర్‌లూడ్ బాగా వాయిస్తే జన్మ ధన్యం. రాసినాయన సభలో ఆయనది అంటూ ఉన్నది మాటలొక్కటే. వాటినే కత్తిరించి, మిగిలినదానికి ఆయన ఫోటో పెట్టి దండ వేస్తున్నాం.

పాడిన ఆ ఒక్క చరణమైనా తిన్నగా వినిపించిందా అంటే అదీ లేదు. ఇందులో గాయనీ గాయకుల తప్పు తక్కువ, పాపం వాళ్లకి లిస్టు వచ్చేదే ముందు రోజు సాయంత్రం. ఫోన్‌లో లిరిక్స్ వెతుక్కుంటారు. వచ్చేవి చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాల్లో ‘ణ’కీ ‘న’కీ తేడా లేదు, ‘ళ’కీ ‘ల’కీ తేడా లేదు. ‘ప్రణవనాదం’ కాస్తా ‘ప్రనవనాదం’ అయిపోతుంది. ‘సురఝరీ’ ఎలా పలుకుతారో మీరే ఊహించుకోండి. చిన్నప్పటి నుంచి తెలుగు చదవడం అలవాటు లేని పిల్లలు ఎంత బాగా పాడుతున్నా వాళ్ల చేతిలో ఉన్న కాగితం తప్పయితే వాళ్లేం చేస్తారు? అందులోనూ సిరివెన్నెల గారి పాటల విషయంలో అయితే సాకు చెప్పడానికి కూడా లేదు. ఉత్తర అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా వాళ్లు ఆయన సమగ్ర సాహిత్యాన్ని సంపుటాలుగా వేశారు. మొదటి సంపుటాన్ని 2022 మే 20న మన శిల్పకళావేదికలోనే అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ఆవిష్కరించారు. ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని, పాటల్ని తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి వారం ముందు గాయకులకి ఇవ్వండి. జెరాక్స్ ఖర్చు ఒక శాలువా ధర కూడా కాదు.

సౌండ్ సంగతి. ప్యాడ్స్ తగ్గించమని మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి చెప్పండి. బాల్కనీలో మాకు బేస్ గుండెల్లో కొడుతుంది, మాట మాత్రం అందదు. ఇంతకుమించి దాని గురించి రాయడానికి ఏం లేదు.

ఇంకొకటి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఎవరి పాట ఎవరిదో చూసుకోండి. వేటూరి గారి సభ ఒకదాంట్లో ‘శంకరాభరణం’ పాటలని మొదలుపెట్టి ‘మానస సంచరరే’ పాడారు. పాట బాగుంది. కానీ అది సదాశివ బ్రహ్మేంద్రులది. అదే ఊపులో ‘బ్రోచేవారెవరురా’ అందుకున్నారు, అది మైసూరు వాసుదేవాచార్యులది. వేటూరి గారు ఆ సినిమాకి రాసిన ‘శంకరా నాదశరీరాపరా’ మాత్రం టైమ్ లేదని ఎగిరిపోయింది! సిరివెన్నెల గారికి దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ‘శ్రుతిలయలు’లోని ‘తెలవారదేమో స్వామి’ ఆయన రాసిందే, నంది కూడా వచ్చింది. ఇప్పటికీ దాన్ని అన్నమయ్య కీర్తన అనుకునేవాళ్లు ఎందరో. కవికి అంతకన్నా పెద్ద ప్రశంస లేదనుకోండి, అయినా ఆయన సభలోనైనా ఆ మాట చెప్పాలి కదా. సినిమా పేరు చూసి కవిని తేల్చేయడం ఎప్పుడూ ప్రమాదమే. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’నే తీసుకోండి. ‘తెలుగు వీర లేవరా’ శ్రీశ్రీది, ఉత్తమ గీత రచనకి జాతీయ అవార్డు తెచ్చింది. ‘వస్తాడు నా రాజు’ సి. నారాయణరెడ్డి గారిది. ఒకే సినిమా, రెండు దారులు.

యాంకర్లకి ఇచ్చే చీటీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘ఇప్పుడు ఫలానా హీరో గారి సూపర్ హిట్ సాంగ్’ అని మొదలుపెట్టించకండి. ఆ రోజు ఆ సభలో హీరో ఆయన కాదు. పాటకి ముందు రెండు వాక్యాలు చాలు, సినిమాలో ఆ పాట ఎవరు ఎవరితో ఎందుకు పాడుతున్నారో చెబితే మాటలు వాటంతటవే తెరుచుకుంటాయి. దానికి పరిశోధన చెయ్యక్కర్లేదు. సిరివెన్నెల గారే తన పాటల వెనక సంగతులు ‘సిరివెన్నెల తరంగాలు’ అని పుస్తకంగా రాసిపెట్టారు. సినిమా కవి ముందు సందర్భం వింటాడు, తర్వాత ట్యూన్ వింటాడు, ఆ కొలతలో మాట పట్టిస్తాడు. కొలతకి కుట్టిన చొక్కా లాంటిది అది. చొక్కా ఎవరి కోసం కుట్టారో చెప్పకుండా గుడ్డ బాగుందని మెచ్చుకుంటే ఏం లాభం?

ఇక స్టేజీ వెనక ఉండే ఎల్‌ఈడీ తెర. దాని అద్దె ఎంతో మీకు తెలుసు, దాని మీద ఏం కనపడుతుందో మాకు తెలుసు. ఆ రాత్రి ‘జగమంత కుటుంబం నాది’ పాడుతుంటే వెనక ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ లేఅవుట్ తిరుగుతోంది. ప్లాట్ నంబర్లు, గజం రేటు, ‘బుకింగ్స్ ఓపెన్’. జగమంతా కుటుంబమే గానీ కార్నర్ బిట్‌కి మాత్రం రేటు వేరు! స్పాన్సర్ లేకుండా సభ జరగదని నాకు తెలుసు. ప్రకటన వేసుకోండి, పాటకి పాటకి మధ్య ఎంతసేపైనా వేసుకోండి. పాట నడుస్తున్నప్పుడు మాత్రం ఆ తెర మీద సాహిత్యం వేయండి, తెలుగు అక్షరాల్లో, చరణానికి చరణం. హాల్లో సగం మంది దానితో కలిసి పాడతారు. నాకు బాగా తెలుసు, మేం ఎలాగూ లోలోపల పాడుకుంటూనే ఉంటాం.

డబ్బు మాట ఎత్తితే మీకు కోపం రావచ్చు, అయినా ఎత్తుతాను. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. జావేద్ అఖ్తర్ లాంటి రచయితలు రాజ్యసభలో గట్టిగా మాట్లాడి తెచ్చుకున్న సవరణ అది. దాని ప్రకారం సినిమా పాటని సినిమా హాల్లో కాకుండా బయట ఇంకోచోట వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకి సమాన వాటా ఉంటుంది. ఆ హక్కుని ఆయన వారసులకో, రాయల్టీ వసూలు చేసే సొసైటీకో తప్ప మరెవరికీ రాసిచ్చేయడానికి కూడా లేదు. రచయిత పోయాక 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. అంటే మీరు టికెట్ పెట్టి ఆయన పాటలతో సభ చేస్తే, ఐపీఆర్‌ఎస్ లాంటి సొసైటీకి కట్టే లైసెన్సు ఫీజులోంచి కొంత ఆయన ఇంటికి చేరే దారి ఉంది. డబ్బు తీసుకోకుండా సరదాగా చేసుకునే ఔత్సాహిక బృందాల సంగతి వేరు, చట్టం వాళ్లకి వెసులుబాటు ఇచ్చింది. డోనర్ పాసులు, వీఐపీ సోఫాలు అమ్మే సభల గురించి నేను మాట్లాడుతున్నది. దండకి డబ్బులున్నప్పుడు దీనికీ ఉండాలి. కవి భార్యనో కొడుకునో స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పి పంపించేసే బదులు, ఫలానా లైసెన్సు తీసుకున్నాం అని మైకులో ఒక్క మాట చెబితే వాళ్లకి ఎక్కువ గౌరవం.

మీ కష్టం తెలియక రాయడం లేదు. హాలు అద్దె, సౌండు, ఆర్కెస్ట్రా పేమెంట్లు, గాయకుల రాకపోకలు, వచ్చినవాళ్లకి టీ బిస్కెట్లు. చేతి డబ్బులు పెట్టి, ఇంట్లో వాళ్ల చేత మాటలు పడి సభలు చేసేవాళ్లు మీలో ఉన్నారు. మాకు ప్రవేశం ఉచితం, పైగా విమర్శ కూడా ఉచితమే. టీవీల్లో, ఫోన్లలో పాటలు దొరకని రోజులు కావివి, అయినా మనుషులు బస్సెక్కి, మెట్రో ఎక్కి మీ హాలుకి వస్తున్నారంటే అది మీరు నిలబెట్టిన అలవాటే. అతిథి రాకపోతే స్పాన్సర్ రాడు, స్పాన్సర్ రాకపోతే హాలు రాదు, ఈ లెక్క కూడా అర్థమవుతుంది. అందుకే సన్మానాలు మానేయమనడం లేదు. వాటిని ఆరు నుంచి ఏడు మధ్యన, మేం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నప్పుడు కానిచ్చేయండి. ఆలస్యంగా వచ్చే అతిథికి సన్మానం చివర్లో చేయండి, అప్పటిదాకా ఆయన కూడా కూర్చుని పాటలు వింటారు. ఆయనకీ మంచిదే.

పాతిక పాటలు పెట్టుకుని అన్నీ ముక్కలు చేసే బదులు పన్నెండు పెట్టుకోండి. పాతిక మంది గాయకులకి అవకాశం ఇవ్వాలన్న మొహమాటం ఉంటుంది, అది నిజమే. కొన్ని యుగళగీతాలు పెడితే సర్దుకోదా? మెడ్లీ అన్నది మాత్రం కవి సభలో వద్దే వద్దు. ఆరు పల్లవులు గొలుసు కట్టి పాడితే డాన్సుకి బాగుంటుంది, ఆత్రేయ గారికి బాగుండదు. ఆయన పల్లవి మామూలు మాటలా ఉంటుంది, మనసుని గుచ్చేది చరణంలో దాచిపెడతారు. అక్కడిదాకా వెళ్లకుండా వెనక్కి తిరిగితే ఆయన్ని చదివినట్టే కాదు.

ఈసారి కార్డు మీద అతిథుల పేర్ల కింద కాస్త చోటు మిగిల్చి, పాడబోయే పాటలు, పక్కనే సంవత్సరం, స్వరకర్త పేరు వేయండి. ఏ పాటలో ఎన్ని చరణాలో మాకు తెలుసు కాబట్టి సభ ఎప్పటికి అయిపోతుందో లెక్క వేసుకుని ఆఖరి మెట్రో సంగతి మేమే చూసుకుంటాం. మే 20న ఎవరి సభ ఏ హాల్లో ఉందో త్వరగా ప్రకటించండి. ఒకే రోజు రెండు చోట్ల పెడితే మాత్రం, ‘విధాత తలపున’ పూర్తిగా ఎక్కడ పాడుతున్నారో కనుక్కుని అక్కడికే వస్తాను.

ఇట్లు,
చిక్కడపల్లి నుంచి ఒక శ్రోత